ఏటి వంపు, దారి వంపు: సేలే, లొట్ లోయల్లో సైకిలు ప్రయాణం

సభకు నమస్కారం. ఫ్రాన్సులో సైకిలు తొక్కిన అనుభవం గురించి చెప్పమని మీ సంఘం వారు అడిగినప్పుడు నేను ఆల్ప్స్ కనుమల గురించి మాట్లాడతానని మీలో చాలామంది అనుకొని ఉంటారు. నాకు ఆ కనుమలంటే గౌరవం ఉంది గాని, ఈ రోజు మీ ముందు పెట్టదలచింది నైరుతి ఫ్రాన్సులో కెర్సీ అనే పాత సీమలో, సేలే అనే చిన్న ఏరు, అది వెళ్ళి కలిసే లొట్ అనే పెద్ద ఏరు, ఆ రెంటి ఒడ్డున ఫీజాక్ పట్టణం నుంచి కాఓర్ నగరం దాకా సాగే దారి. మొత్తం దూరం సుమారు 75 కిలోమీటర్లు. బ్రెవేలు అనే రెండు వందల కిలోమీటర్ల దూరపు సైకిలు సవారీలు పూర్తిచేసినవారు ఈ సభలో ఎందరో ఉన్నారు. వారికి ఇది ఒక పూట పని. నేను దానికి మూడు రోజులు తీసుకున్నాను, ఇంకో రెండు రోజులు ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

నేను ముప్పై ఏళ్ళకు పైగా రోడ్ల ఇంజినీరుగా పనిచేసినవాణ్ణి. అందువల్ల ఏ దారి మీద వెళ్ళినా, ఇది ఇక్కడే ఎందుకు పడింది, ఈ మలుపు ఎవరు తిప్పారు, ఈ ఊరు ఆ ఒడ్డున కాక ఈ ఒడ్డున ఎందుకు వెలిసింది అన్న ప్రశ్నలు వాటంతట అవే లేస్తాయి. కారులో వెళుతూ ఈ ప్రశ్న వేసుకుంటే జవాబు దొరికేలోపు ఆ చోటు దాటిపోతుంది. నడిచి వెళితే జవాబు ఒకటి దొరుకుతుంది గాని, దాని పక్కన పెట్టి చూడవలసిన తరువాతి చోటు మరునాటి దాకా రాదు. గంటకు పదిహేను, పదిహేడు కిలోమీటర్ల వేగంతో సాగే సైకిలు మీద మాత్రం పొద్దున చూసిన ఊరు ఇంకా కళ్ళముందు ఉండగానే మధ్యాహ్నపు ఊరు వచ్చి నిలుస్తుంది, రెంటినీ పోల్చుకోవచ్చు. నది లోయను చదవడానికి సరిపడే వేగం ఇదేనని నా నమ్మకం.

ముందుగా నేల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ లోయలో మిగిలినవన్నీ దాని మీదనే ఆధారపడి ఉన్నాయి. లోయకు రెండు వైపులా ఉన్నది కౌస్ అని పిలిచే సున్నపురాతి పీఠభూమి. జురాసిక్ కాలంలో సముద్రం అడుగున పేరుకొన్న రాయి అది. కర్నూలు సీమలో బెలుం గుహలు చూసినవారికి ఈ రాతి స్వభావం కొత్త కాదు: వాన నీరు పైన నిలవదు, పగుళ్ళలోకి దిగి, రాతిని కొద్దికొద్దిగా కరిగించుకొంటూ లోపలి నుంచే ప్రయాణం చేసి, ఎక్కడో అడుగున ఊటగా బయటికి వస్తుంది. అందుచేత పైన ఉన్న కౌస్ మీద పొట్టి ఓక్ చెట్లు, గొర్రెల మందలు, రాళ్ళు ఏరి సున్నం లేకుండా పేర్చిన గోడలు తప్ప ఊళ్ళు తక్కువ. నీరు లోయలో ఉంది కాబట్టి మనుషులూ లోయలోనే ఉన్నారు. ఏరు కోసిన గట్లు కొన్నిచోట్ల వంద మీటర్ల ఎత్తున నిట్టనిలువుగా ఉంటాయి. ఆ గట్టుకూ ఏటికీ మధ్య మిగిలిన సన్నని పట్టీలోనే పొలం, ఊరు, గుడి, దారి, అన్నీ ఇమడాలి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే ఆ దారిలో కనిపించే వంపులన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

ఫీజాక్‌లో పొద్దున్నే బయలుదేరాను. ఈ పట్టణం ప్రపంచానికి తెలిసింది ఒక మనిషి వల్ల: ఈజిప్టు చిత్రలిపిని 1822లో ఛేదించిన జాఁ ఫ్రాన్స్వా షాంపోలియన్ 1790 డిసెంబరు 23న ఇక్కడే పుట్టాడు. ఆయన పుట్టిన ఇంటిని కలుపుకొని ప్రపంచ లిపుల మ్యూజియం ఒకటి కట్టారు. దాని వెనుక, నాలుగు వైపులా పాత రాతి ఇళ్ళు మూసుకొని ఉన్న చిన్న ఆవరణలో నేల మీదనే, షాంపోలియన్‌కు ఆధారమైన రొసెట్టా శిలకు పెద్ద ప్రతిరూపం ఒకటి పరిచి ఉంది. జోసెఫ్ కొసూత్ అనే అమెరికా కళాకారుడు 1991లో నల్ల గ్రానైటుతో చేసిన పని అది. చిత్రలిపి, ఈజిప్టువారి వాడుక లిపి అయిన డెమోటిక్, గ్రీకు, మూడు లిపుల పంక్తులూ మెట్లుమెట్లుగా పైకి సాగుతాయి, జనం వాటి మీద నడుస్తారు. నేను వెళ్ళిన వేళకు ఒక ముసలావిడ కూరగాయల సంచీతో ఆ పంక్తుల మీదుగా తన ఇంటికి పోతున్నది. ఆవిడకు అది రోజూ నడిచే వాకిలి. ఫీజాక్ ఇళ్ళ పై అంతస్తులను కాస్త తలెత్తి చూడండి. గోడలు లేకుండా స్తంభాల మీద కప్పు నిలబెట్టిన అటకలు కనిపిస్తాయి. వాటిని అక్కడివారు సొలేయో అంటారు. తోళ్ళు, బట్టలు, పంటలు గాలికి ఆరబెట్టుకోవడానికి కట్టుకున్నవి. తోళ్ళు పదునుచేసే పని ఏటి నీటి మీద ఆధారపడిన పని, కనుక ఈ పట్టణం రూపురేఖల్లో కూడా ఏరు ఉంది.

పట్టణం దాటగానే ఏటి వెంట డి 41 అనే జిల్లా రోడ్డు అందుతుంది. ఇరువైపులా రెండు బండ్లు జాగ్రత్తగా తప్పుకొనేంత వెడల్పు, నున్నని తారు, పసుపు తలకట్టు ఉన్న కిలోమీటరు రాళ్ళు. ఆ రాళ్ళ మీద తలకట్టు పసుపు అయితే జిల్లా రోడ్డు, ఎరుపు అయితే జాతీయ రహదారి. మ్యాపు తీయకుండానే మన స్థితి తెలుస్తుంది. ఈ దారి వేసినవారి పనితనం గురించి ఒక ఇంజినీరుగా చెప్పకుండా ఉండలేను. వరద మట్టానికి కాస్త పైన, గట్టు పాదానికి కాస్త దిగువన, ఒకే ఎత్తును పట్టుకొని పోవడానికి దారి ప్రయత్నిస్తుంది. ఎక్కడ గట్టు ఏటి మీదికి తోసుకొచ్చిందో అక్కడ తప్పనిసరై నాలుగు వందల అడుగులు పైకి ఎక్కి మళ్ళీ దిగుతుంది. అవి నిడివిలో చిన్నవే గాని, గేరు ముందే మార్చుకోనివారికి తొడలు పట్టేస్తాయి. మలుపు అవతల ఎక్కుడు ఉందని తెలుసుకోవడానికి ఒక గుర్తు చెబుతాను: ఏటి చప్పుడు ఉన్నట్టుండి దగ్గరైతే, ఎదుట గట్టు ఏటిలోకి దిగిందని, దారి పైకి లేవబోతున్నదని అర్థం. రెండో రోజుకు నేను చెవితోనే గేరు మార్చడం అలవాటు చేసుకున్నాను.

ఊరి పేర్ల గురించి ఒక మాట. ఫీజాక్, ఎస్పాన్యాక్, మార్సియాక్, ఇలా ఆ ప్రాంతంలో ఎటు చూసినా ఆక్ అని ముగిసే ఊళ్ళే. రోమను పాలనకాలంలో ఫలానావాడి భూమి, ఫలానావాడి కమతం అని చెప్పడానికి యజమాని పేరుకు చేర్చిన ప్రత్యయం అది, మూలం గాల్ జాతివారి భాషలో ఉంది. మన దగ్గర పాడు, పర్రు, పల్లి వంటివి ఊరి పుట్టుకను ఎలా చెబుతాయో అక్కడ ఇది అలా చెబుతుంది. పేరులోని యజమాని పోయి పదిహేను వందల ఏళ్ళు దాటినా ప్రత్యయం మాత్రం దారిపక్క బోర్డు మీద నిలిచి ఉంది.

ఎస్పాన్యాక్‌లో వాల్ పారదీ, అంటే స్వర్గపు లోయ, అనే పేరుతో ఒకప్పటి సన్యాసినుల మఠం ఉంది. దాని గంటగోపురాన్ని చూడడానికి దారి వదిలి వంతెన దాటి వెళ్ళాలి. అడుగున రాతి కట్టడం, దాని మీద కర్ర చట్రాల మధ్య ఇటుకలు నింపిన గది, ఆపైన ఎనిమిది పలకల కప్పు. మూడు కాలాల్లో ముగ్గురు మేస్త్రీలు ఒకరి పని మీద ఒకరు కట్టినట్టు కనిపిస్తుంది గాని ఎబ్బెట్టుగా ఉండదు. నేను ఉన్న అరగంటలో అక్కడికి మరొకరు రాలేదు.

అక్కడి నుంచి దిగువకు బ్రాంగ్ అనే ఊరి దగ్గర, ఆ తరువాత సాన్ సుల్‌పీస్ దగ్గర, తల ఎత్తితే గట్టు మధ్యలో రాతి గోడలు కనిపిస్తాయి. కొండ లోపలికి పోయిన బొరియలకు ఎదురుగా గోడ కట్టి, కిటికీలు పెట్టి కోటలుగా చేసుకున్నవి. ఈ లోయలో ఇటువంటివాటిని జనం ఇంగ్లీషువాళ్ళ కోటలు అంటారు. 1337 నుంచి 1453 దాకా సాగిన నూరేళ్ళ యుద్ధంలో ఈ సీమ నలిగిపోయింది. 1360 నాటి బ్రెతీనీ ఒడంబడికతో కెర్సీ మొత్తం ఇంగ్లండు రాజు చేతికి పోయింది. ఆ కోటల్లో కొన్ని ఇంగ్లీషువారి కంటే పాతవే. అయినా జనం జ్ఞాపకంలో భయానికి ఆ పేరే స్థిరపడిపోయింది. ఆ గోడలకు దారి ఎక్కడా కనిపించదు. నిచ్చెన వేసుకొని ఎక్కి, నిచ్చెనను పైకి లాక్కొనేవారని ఊహించుకోవాలి. కింద పొలం, పైన ప్రాణం. ఏటి దారి సరుకును తెచ్చినట్టే సైన్యాన్నీ తెస్తుంది.

ఇప్పుడు ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే లోతుగా తగిలిన విషయానికి వస్తాను. అది సోమవారం. ఫ్రాన్సు పల్లెల్లో సోమవారం చాలా దుకాణాలు మూసి ఉంటాయని, మిగిలిన రోజుల్లో కూడా మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా తలుపులు వేస్తారని విని ఉండి కూడా నేను తగినంత లక్ష్యపెట్టలేదు. జూన్ ఎండలో రెండు సీసాలూ ఖాళీ అయ్యాయి. సున్నపురాతి గట్లు ఎండను పట్టి మన మీదికే తిప్పికొడతాయి. దాహంతో ఒక చిన్న పల్లెలో ఆగి, ఒక ఇంటి ముందు మొక్కలకు కొమ్మలు కత్తిరిస్తున్న పెద్దాయనను నీళ్ళు ఎక్కడ దొరుకుతాయని అడిగాను. ఆయన కత్తెరతోనే శ్మశానం వైపు చూపించాడు. అక్కడి సైకిలు ప్రయాణికులందరికీ తెలిసిన సంగతే అది, నాకు ఆ రోజు తెలిసింది: ప్రతి ఊరి శ్మశానంలోనూ సమాధుల మీది పూలకు పోయడానికి కొళాయి ఒకటి ఉంటుంది. తాగడానికి పనికిరాని నీరైతే బోర్డు పెడతారు. అక్కడ అటువంటి బోర్డు లేదు. నీళ్ళు పట్టుకొని, ముఖం కడుక్కొని, గోడ నీడలో కూర్చున్నాను.

ఆ ఊరి చర్చి ముందు, ఫ్రాన్సులో దాదాపు ప్రతి ఊరిలో ఉన్నట్టే, 1914–18 యుద్ధంలో చనిపోయినవారి స్మారక స్తంభం ఉంది. పేర్లు అక్షరక్రమంలో చెక్కారు. ఒకే ఇంటిపేరుతో మూడు పేర్లు వరుసగా ఉన్నాయి. నేను ఆ పేర్లన్నీ లెక్కపెట్టి, ఆ తరువాత కంటికి ఆనిన ఇళ్ళలో కిటికీలు తెరిచి ఉన్నవాటిని లెక్కపెట్టాను. స్తంభం మీది పేర్లే ఎక్కువ తేలాయి.

అప్పటి దాకా నేను ఆ దారి ప్రశాంతతను ప్రకృతి ఇచ్చినదిగా అనుభవిస్తూ వచ్చాను. గంటకు నాలుగైదు బండ్ల కంటే ఎదురుకాకపోవడం, పక్షుల కూతలు, ఏటి గలగల, ఇవన్నీ ఆ లోయ పుట్టినప్పటి నుంచి ఉన్నవే అనుకున్నాను. అది పొరపాటు. లొట్ జిల్లా జనాభా 1851లో దాదాపు 2,96,000. ఇప్పుడు సుమారు 1,75,000. 1870ల చివర ఫిలోక్సెరా అనే పురుగు ద్రాక్ష తీగల వేళ్ళను తినేసి ఈ సీమ ఆదాయాన్ని కూల్చింది. రైళ్ళు వచ్చి ఏటి మీది పడవ వ్యాపారాన్ని పడగొట్టాయి, అవే రైళ్ళు కుర్రవాళ్ళను పట్టణాలకు తీసుకుపోయాయి. మిగిలినవారిలో ఒక తరాన్ని యుద్ధం తినేసింది. అంటే మనం మెచ్చుకొంటున్న ఆ రోడ్డు, ఆ వంతెనలు, మట్టి జారకుండా ఆపే ఆ గోడలు ఇప్పటి కంటే ఒక లక్షకు పైగా ఎక్కువమంది బతికిన సీమకు తగిన ఊళ్ళను కలుపుతున్నాయి. దారి మిగిలింది, దారిన నడిచేవారు తగ్గిపోయారు. ఆ మధ్యాహ్నం తరువాత నాకు ఆ నిశ్శబ్దం వినిపించిన తీరు మారిపోయింది. దాని అందం తగ్గలేదు. కాని అది ఖరీదైన నిశ్శబ్దమని, ఆ ఖరీదు చెల్లించినవారి పేర్లు రాతి మీద ఉన్నాయని తెలిసి తొక్కడం వేరు, తెలియక తొక్కడం వేరు.

ఇక్కడే మరో చిన్న విషయం. ఉన్న కొద్దిపాటి బండ్లవారు సైకిలు పట్ల చూపే ఓర్పు మన రోడ్ల మీద తొక్కేవారికి ఆశ్చర్యం కలిగిస్తుంది. ఊరి బయట సైకిలును దాటేటప్పుడు కనీసం ఒకటిన్నర మీటర్ల ఎడం ఇవ్వాలని, ఊరిలోనైతే ఒక మీటరు ఇవ్వాలని అక్కడి చట్టం. గట్టు పక్కన ఒక గుడ్డి మలుపులో గడ్డిమోపులు వేసుకొచ్చిన ట్రాక్టరు నా వెనుక చాలాసేపు నడిచింది. ఒక్కసారి కూడా హారన్ మోగలేదు. దారి తిన్నగా అయ్యాక దాటిపోతూ ఆ రైతు రెండు వేళ్ళు పైకెత్తాడు, నేను తల ఊపాను. మన దగ్గర ఏ చట్టం రావాలన్నా ముందు ఆ రెండు వేళ్ళ మర్యాద రావాలని అనిపించింది.

మార్సియాక్ గురించి కాస్త ఎక్కువ చెబుతాను. ఏటి ఒడ్డున బెనెడిక్టు సన్యాసుల మఠం అది. ఒకప్పుడు ఎంత సంపన్నమైనదంటే, ఇప్పుడు లక్షలాది యాత్రికులు వెళ్ళే రొకమదూర్ క్షేత్రం మీద హక్కు తమదేనని వాదించగలిగింది. రొకమదూర్ అప్పట్లో పట్టించుకొనేవారు లేని కొండబిలం. దాన్ని త్యూల్ మఠంవారు వచ్చి పట్టుకున్నారు. 1166లో అక్కడ ఒక పాత సమాధిలో చెడని శరీరం దొరకడం, అది ఆమదూర్ అనే సాధువుదని ప్రకటించడం, యాత్రికులు వెల్లువెత్తడం జరిగాక మార్సియాక్‌వారి దావా తీవ్రమైంది. చివరకు కొంత సొమ్ము పుచ్చుకొని వదులుకున్నారు. ఆ తరువాత నూరేళ్ళ యుద్ధం, 16వ శతాబ్దపు మతయుద్ధాలు కలిసి మఠాన్ని సగానికి పైగా కూల్చాయి. ఇప్పుడు పెద్ద చర్చిలో ఒక భాగానికే కప్పు ఉంది. మిగిలిన భాగంలో కమానులు నిలబడి ఉన్నాయి, వాటి మీద ఆకాశం. నేను సైకిలును ఒక స్తంభానికి ఆనించి ఆ కమానుల కింద నిలుచున్నాను. రాతి సందుల్లో మొక్కలు మొలిచాయి. కమాను తాళపురాయి, అంటే నడినెత్తిన ఇరికించే రాయి, అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. సున్నం మాత్రం చాలావరకు రాలిపోయింది. సున్నం రాలినా కమాను పడకపోవడానికి కారణం ఆ రాళ్ళు ఒకదాన్ని ఒకటి నొక్కుకొని ఉండడమే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత మేస్త్రి, కమానుకు సున్నం ఊరట మాత్రమే, బలం బరువులోనే ఉందని చెప్పాడు. ఆ మాటకు రుజువు నాకు అంత దూరంలో, అంత ఎత్తున కనిపించింది.

రెండో రోజు సాయంత్రానికి కాబ్రెరే చేరాను. ఊరి పైన ఉన్న కొండలోనే పెష్ మెర్ల్ గుహ. పెష్ అంటే ఆ సీమ సొంత భాష ఆక్సితాన్‌లో కొండ అని అర్థం, కాబట్టి అక్కడికి వెళ్ళాలంటే ఎక్కుడు తప్పదు. సామాను ఊరిలో దించి, అన్నిటికంటే చిన్న గేరులో మెల్లగా ఎక్కాను. 1922లో ఆంద్రే దావీద్, అన్రీ దుతెర్త్ర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు లోపలికి పాకి ఈ బొమ్మలను కనిపెట్టారు. వారిని ప్రోత్సహించినది ఆ ఊరి చర్చి గురువు ఆమెదే లెమోజీ. 1926 నుంచి జనాన్ని లోపలికి అనుమతిస్తున్నారు, అయితే జనం ఊపిరితో, వేడితో బొమ్మలు పాడవకుండా రోజుకు కొద్దిమందినే పంపుతారు, కనుక ముందుగా చీటీ తీసుకోవాలి.

లోపల, ఒకదానికొకటి వెనుదిరిగి నిలుచున్న రెండు గుర్రాలు ఉన్నాయి. ఒంటి నిండా నల్లని చుక్కలు, ఒంటి గీత దాటి బయట కూడా చుక్కలు, చుట్టూ మనిషి చేతి అచ్చులు. వయసు సుమారు 29,000 ఏళ్ళు. కుడివైపు గుర్రానికి తల గీయవలసిన చోట రాతి అంచే సహజంగా గుర్రం తల ఆకారంలో ఉంది. గీసినవాడు ముందు ఆ రాతిలో గుర్రాన్ని చూసి, తరువాత దానికి ఒళ్ళు ఇచ్చాడని స్పష్టంగా తెలుస్తుంది. మిషెల్ లోర్‌బ్లాంషే అనే పురాతత్త్వవేత్త రంగును నోటిలో పెట్టుకొని గోడ మీదికి ఊదే పద్ధతిలో ఈ బొమ్మను మరొక గుహలో తిరిగి వేసి చూశాడు. 32 గంటలు పట్టింది. చుక్కల గుర్రాలు కల్పన అని చాలాకాలం అనుకున్నారు. 2011లో ప్రాచీన గుర్రాల ఎముకల డీఎన్ఏను పరిశీలించినవారు అటువంటి చుక్కల జాతి నిజంగానే ఆ కాలంలో ఉండేదని తేల్చారు. అంటే ఆ చిత్రకారుడు తాను చూసినదే వేసి ఉండవచ్చు. గుహలో మరోచోట గట్టిపడిన మట్టిలో ఒక పిల్లవాడిదో పిల్లదో పాదముద్రలు ఉన్నాయి. మా గైడు దీపాన్ని నేలకు వాల్చి అడ్డంగా వెలుగు పడనిచ్చింది. మడమ లోతుగా దిగిన చోటు, వేళ్ళు మట్టిని పట్టుకున్న చోటు విడివిడిగా కనిపించాయి. జారకుండా నడవడానికి వేళ్ళు బిగించిన పాదం అది. మా గుంపులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మూడో రోజు కాబ్రెరే నుంచి నాలుగైదు కిలోమీటర్లు దిగగానే సేలే లొట్‌లో కలిసిపోతుంది. లొట్ వెడల్పైనది, నిదానమైనది. సెవెన్ అనే పేరున్న కొండల్లో పుట్టి 480 కిలోమీటర్లకు పైగా ప్రవహించి గరోన్ నదిలో కలుస్తుంది. రైలు రాకముందు గబార్లు అనే చదునైన పడవలు ఈ నీటి మీద ద్రాక్షసారాయి పీపాలను బోర్దో రేవుకు మోసేవి. బోర్దో వర్తకులు తమ సారాయి అమ్ముడుపోయే దాకా ఎగువవారి పీపాలను అమ్మనిచ్చేవారు కాదు. ఆ ప్రత్యేక హక్కును 1776లో త్యూర్గో మంత్రిగా ఉండగా రద్దుచేశారు. తిరుగు ప్రయాణంలో పడవలను ఏటికి ఎదురు లాగాలి. బూజియెస్ దగ్గర గట్టు నీటిలోకే దిగి ఉండడంతో లాగేవారికి అడుగు పెట్టే చోటు లేక, 19వ శతాబ్దం నడుమ కొండ పాదాన్నే తొలిచి దారి చేశారు. సైకిలును ఊరిలో వదిలి ఆ దారిలో నడిచాను. పైన రాయి గొడుగులా వంగి ఉంటుంది, పక్కన నీరు. అంత శ్రమపడి తొలిచిన ఆ దారికి కొన్ని దశాబ్దాల్లోనే రైలు పట్టాలు ఎసరుపెట్టాయి. ఇప్పుడు ఆ రైలు కూడా లేదు. కాఓర్‌కు పోయే రోడ్డు పక్కన ఆ పట్టాలు తుప్పుపట్టి, ముళ్ళపొదల్లో దాగి కనిపించాయి.

సాన్ సిర్ లపోపీ ఊరు ఏటికి సుమారు వంద మీటర్ల ఎత్తున గట్టు అంచు మీద కూర్చొని ఉంది. బూజియెస్ వైపు నుంచి డి 40 రోడ్డు మీద ఎక్కితే, ఒక మలుపులో లోయ మొత్తం ఒక్కసారిగా కిందికి జారిపోతుంది. ఈ ఊరిలో ఒకప్పుడు కర్ర తరిణి పట్టేవారు ఉండేవారు, పీపాలకు బిగించే కొళాయిలు చేసేవారు. ఆ వాకిళ్ళ వెడల్పైన కమానుల్లో ఇప్పుడు అంగళ్ళు. అధివాస్తవిక కవి ఆంద్రే బ్రెతోఁ 1950లో ఈ ఊరిని చూసి, ఇక మరోచోట ఉండాలన్న కోరికే పోయిందన్నాడు, ఇల్లు కొనుక్కొని వేసవులు ఇక్కడే గడిపాడు. 2012లో ఫ్రెంచివారు తమకు అత్యంత ఇష్టమైన పల్లెగా దీన్ని ఎన్నుకున్నారు. నిజంగా అందమైన ఊరే. కాని వేసవి మధ్యాహ్నం అక్కడ నిలబడడానికి చోటు ఉండదు, సైకిలును నడిపించుకొనే పోవాలి. ఎస్పాన్యాక్‌లో నేను ఒంటరిగా గడిపిన అరగంటను ఇక్కడి సందడితో మార్చుకోమంటే మార్చుకోను. వెళ్ళేవారు పొద్దున తొమ్మిది లోపల వెళ్ళండి.

అక్కడి నుంచి కాఓర్ దాకా రోడ్డు మీద బండ్లు పెరుగుతాయి, చూడవలసినవి కొంత తగ్గుతాయి. అయితే వేర్ అనే ఊరి దగ్గర గట్టు గోడను పరిశీలించండి. రోమనులు కాఓర్‌కు నీరు తీసుకుపోవడానికి రాతిలో చెక్కిన కాలువ ఆనవాళ్ళు అక్కడ ఉన్నాయి. మూడు పదుల కిలోమీటర్ల పైచిలుకు పొడవున, పంపు లేకుండా, వాలు ఒక్కదానినే నమ్ముకొని, ఈ వంకర గట్ల వెంట నీటిని నడిపారు. దారి పట్టుకున్నట్టే ఆ కాలువ కూడా ఒకే మట్టాన్ని పట్టుకొని సాగింది. రెండు వేల ఏళ్ళ ఎడంతో ఇద్దరు ఇంజినీర్లు ఒకే గట్టు ముందు ఒకే లెక్క వేశారు.

కాఓర్‌లో వాలాంత్రే వంతెన ఉంది. 1308లో మొదలుపెట్టారు, పూర్తి కావడానికి ఏడు దశాబ్దాలు పట్టింది. మూడు బురుజులు, ఆరు పెద్ద కమానులు. ఆలస్యానికి విసిగిన మేస్త్రి సైతానుతో ఒప్పందం చేసుకొని, చివరలో జల్లెడతో నీళ్ళు తెమ్మని వాణ్ణి ఓడించాడని, ఆ కసితో సైతాను రోజూ రాత్రి నడిమి బురుజులోని ఒక మూలరాయిని పెరికివేస్తూ వచ్చాడని కథ. 1879లో వంతెనను బాగుచేసిన పోల్ గూ ఆ ఖాళీ మూలలో, వేళ్ళు రాతి సందులో ఇరికి రాయిని లాగుతున్న చిన్న సైతాను బొమ్మను చెక్కించి బిగించాడు. కింద నుంచి చూస్తే కనిపిస్తుంది, మెడ బాగా ఎత్తాలి.

వంతెన దాటి, ఆవలి ఒడ్డున కొద్ది దూరం ఎగువకు పోతే, గట్టు పాదంలో పచ్చని నీటి గుండం ఒకటి ఉంది. షార్‌త్రో ఊట అంటారు. కౌస్ మీద పడి, పగుళ్ళలో దిగి, చీకటిలో ప్రయాణం చేసిన వాన నీరు అక్కడ పైకి వస్తుంది. గాల్ జాతివారు దాన్ని దేవతగా కొలిచారు; నగరానికి రోమను కాలపు పేరు దివోనా ఆ దేవతదే. ఊట ఏటి మట్టంలో ఉండి, ఊరు ఎదుటి ఒడ్డున ఎత్తులో ఉండడం వల్లనే రోమనులు నీటి కోసం అంత దూరం వేర్ దాకా పోవలసి వచ్చింది. ఇప్పుడు పంపులు ఉన్నాయి, నగరం తాగుతున్నది ఈ నీరే. నేను చాలాసేపు ఆ గుండం గట్టున కూర్చున్నాను. నీరు ఉబుకుతున్న చప్పుడు లేదు, మధ్యలో ఉపరితలం కొద్దిగా ఉబ్బి చుట్టూ జారుతున్నది, అంతే. చీకటి పడ్డాక బసకు వెళ్ళి, గదిలోని కొళాయి కింద రెండు సీసాలూ పెట్టి నింపుకున్నాను.